అంగ్‌కోర్ వాట్‌ను ‘కనిపెట్టిన’ ఆన్రీ మువో: కథ ఎంత, నిజం ఎంత?

2025 జులైలో థాయ్‌లాండ్, కాంబోడియా సైన్యాలు సరిహద్దు గుళ్ల దగ్గర కాల్పులకు దిగిన దగ్గర్నుంచి మన ఫోన్లలో కాంబోడియా పాత రాజధాని అంగ్‌కోర్, అక్కడి అంగ్‌కోర్ వాట్ గుడి కథలు మళ్లీ తిరుగుతున్నాయి. వాటిలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘వందల ఏళ్లు అడవిలో మరుగున పడిన ఈ మహాదేవాలయాన్ని 1860లో ఒక ఫ్రెంచి యాత్రికుడు కనిపెట్టాడు.’ ఇంకాస్త మసాలా కలిపిన కథలో ఆయన సీతాకోకచిలుకను తరుముతూ దారి తప్పి, ఏకంగా గుడి ముందు తేలతాడు.

ఆ యాత్రికుడి పేరు ఆన్రీ మువో. మన పత్రికల్లో హెన్రీ మౌహాట్ అని కనిపిస్తుంది. మనిషి నిజం, 1860 నిజం, సీతాకోకచిలుకలు పట్టేవాడన్నదీ నిజమే. చిక్కంతా మిగతా వాటితోనే. అది విడిపోవాలంటే ఆయన జీవితం ఏమిటి, ఆయనకంటే ముందు అంగ్‌కోర్‌లో ఎవరున్నారు, ఆయన పోయాక ఆయన పుస్తకమూ బొమ్మలూ ఎవరి చేతుల మీదుగా బయటికొచ్చాయి అన్నవి వేరువేరుగా చూడాలి.

రష్యాలో మేష్టారు, యూరప్‌లో ఫొటోగ్రాఫరు

మువో 1826 మే 15న ఫ్రాన్స్ తూర్పు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మోంబెల్యార్‌లో పుట్టాడు. కలిగిన కుటుంబం కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో రష్యా వెళ్లి ఫ్రెంచి పాఠాలు చెప్పి బతికాడు. వొరోనెజ్ సైనిక పాఠశాలలో కూడా పనిచేశాడు. 1854లో క్రిమియా యుద్ధంలోకి ఫ్రాన్స్ దిగడంతో, శత్రుదేశంలో ఫ్రెంచి మేష్టారుగా ఉండటం కుదరక వెనక్కి వచ్చేశాడు.

అప్పటికి ఫొటోగ్రఫీ వయసు పదిహేనేళ్లు. వెండి పూసిన రాగి రేకు మీద బొమ్మ తేల్చే డాగెరోటైప్ పద్ధతిని పారిస్‌లో 1839లో ప్రకటించారు. మువో, ఆయన సోదరుడు షార్ల్ ఆ విద్య నేర్చుకుని జర్మనీ, బెల్జియం, ఉత్తర ఇటలీ తిరిగారు. 1856 నాటికి ఇంగ్లండులో తేలారు. అన్నదమ్ములిద్దరూ ఆఫ్రికాలో నైజర్ నదిని వెతుక్కుంటూ వెళ్లిన స్కాట్లండ్ యాత్రికుడు మంగో పార్క్ బంధువుల అమ్మాయిలను చేసుకున్నారు. మువో భార్య పేరు ఆనా. కాపురం జెర్సీ ద్వీపంలో. అక్కడే ఆయన పక్షులు, పురుగులు, గవ్వల మీద పడ్డాడు.

అంటే సియాం బయల్దేరేనాటికి ఆయన పురావస్తు శాస్త్రవేత్తా కాదు, సంస్కృతం చదివిన పండితుడూ కాదు. బొమ్మలు గీయడం, ఫొటో తీయడం వచ్చు. రెండు మూడు భాషలు వచ్చు. జంతువులను పట్టి, ఆరబెట్టి, పెట్టెల్లో సర్ది పంపడం వచ్చు. తర్వాతి కథంతా ఈ అర్హతల మీదే నడిచింది.

ఫ్రాన్స్ పట్టించుకోలేదు, లండన్ సంఘాలు చేయందించాయి

సియాం అంటే ఇవాళ్టి థాయ్‌లాండ్. 1855లో హాంకాంగ్ గవర్నర్ జాన్ బౌరింగ్ సియాంతో బ్రిటన్ తరఫున వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు. 1857లో ఆ దేశం గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. మువోకు సియాం మీద మనసు పడింది ఆ పుస్తకంతోనే అంటారు.

ముందు ఫ్రెంచి ప్రభుత్వాన్ని సాయం అడిగాడు. అది ఆసక్తి చూపలేదు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ, జువాలజికల్ సొసైటీ మాత్రం అండగా నిలబడ్డాయి. ఫ్రెంచి వలస పాలనకు తర్వాతి రోజుల్లో వీరుడిగా మారిన మనిషి బయల్దేరింది ఇంగ్లీషు సంఘాల సిఫార్సు పత్రాలతో. ఈ ముక్క ఫ్రెంచి కథనాల్లో చాలాకాలం గొంతు తగ్గించి చెప్పారు.

1858 ఏప్రిల్ 27న లండన్‌లో ఓడ ఎక్కి, సెప్టెంబరులో బ్యాంకాక్ చేరాడు. సరిగ్గా అదే సెప్టెంబరు మొదట్లో ఫ్రెంచి, స్పానిష్ యుద్ధనౌకలు వియత్నాంలోని దా నాంగ్ రేవు మీద దాడి చేశాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సైగాన్ పట్టుబడింది. ఈ రెండింటికీ మువోకు సంబంధం లేదు. కానీ ఆయన తిరిగిన ప్రాంతం, ఫ్రెంచి సైన్యం అడుగుపెట్టిన ప్రాంతం పక్కపక్కనే ఉన్నాయి. ఇది గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

బ్యాంకాక్ నుంచి నాలుగు ప్రయాణాలు

ఆయన బ్యాంకాక్‌ను స్థావరంగా పెట్టుకుని నాలుగుసార్లు లోపలికి వెళ్లాడు. మొదటిది పాత రాజధాని అయుత్థయ, సరబురి వైపు. మూడోది పశ్చిమాన పెచ్చబురి కొండలకు. ఈ రెండూ చిన్నవి. అసలు కథ రెండో, నాలుగో ప్రయాణాల్లో ఉంది.

రెండోది 1858 డిసెంబరులో మొదలై 1860 ఏప్రిల్ దాకా సాగింది. సముద్రతీరం వెంట చంతబురి, అక్కణ్నుంచి కాంబోడియా రేవు కంపోత్, ఆ పైన నాటి రాజధాని ఉడోంగ్. ఉడోంగ్‌లో ఆయన కలిసిన ‘రెండో రాజు’, అంటే రాజు తర్వాతి స్థానంలో ఉన్నవాడు, నరోత్తముడు (నరోదమ్). ఐదేళ్లలో ఈ రాజే ఫ్రాన్స్‌తో రక్షణ ఒప్పందం మీద సంతకం పెడతాడు. తర్వాత మువో తూర్పు అడవుల్లో స్తియెంగ్ అనే గిరిజన తెగ మధ్య, ఒక ఫ్రెంచి మిషనరీ దగ్గర కొన్ని నెలలు ఉన్నాడు. తిరుగు దారిలో తోన్లే సాప్ అనే మహా సరస్సు దాటి బట్టంబాంగ్ చేరాడు. అంగ్‌కోర్ వంతు అప్పుడొచ్చింది, 1860 జనవరిలో.

నాలుగోది లావోస్‌కు. కొరాట్ పీఠభూమి మీదుగా ఏనుగుల మీద, ఎడ్లబండ్ల మీద, కాలినడకన వెళ్లి 1861 జులై 25న లువాంగ్ ప్రబాంగ్ చేరాడు. అక్కడి రాజు మర్యాదగా చూశాడు. ఆ చుట్టుపక్కల అడవుల్లో పురుగుల వేటలో ఉండగా అక్టోబరు 19న జ్వరం పట్టుకుంది. డైరీలో చివరి రాత అక్టోబరు 29ది: దేవా, నా మీద దయ చూపు అన్న ఒక్క మాట. నవంబరు 10న, నామ్ ఖాన్ నది ఒడ్డున, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆయన వెంట ఉన్న ఇద్దరు సేవకులు, ఫ్రాయ్, దెంగ్, దొరను పూడ్చిపెట్టి, డైరీలు, బొమ్మలు, నమూనాల పెట్టెలు మోసుకుని బ్యాంకాక్ దాకా తెచ్చి అప్పగించారు. జీతం ఇచ్చేవాడు పోయాక, ఎవరూ అడగని కాగితాలను వందల మైళ్లు మోసుకురావాల్సిన అవసరం వాళ్లకు లేదు. నా లెక్కలో మువో పేరు నిలవడానికి మొదటి కారణం వీళ్లిద్దరే. ఏ ఫార్వర్డ్‌లోనూ వీళ్ల పేర్లు కనిపించవు.

అంగ్‌కోర్‌లో మూడు వారాలు: ఏం చూశాడు, ఏం పొరబడ్డాడు

దారి తప్పలేదు. బట్టంబాంగ్‌లో ఉన్న సిల్వెస్త్ర్ అనే ఫ్రెంచి మిషనరీ ఆయనకు తోడు వచ్చాడు. ఇద్దరూ చూడాలనుకున్న చోటికే, తెలిసిన దారిలోనే వెళ్లారు. అప్పటికి అంగ్‌కోర్ కాంబోడియా రాజు చేతిలో లేదు. 18వ శతాబ్దం చివర్లోనే బట్టంబాంగ్, సియెం రీప్ ప్రాంతాలు సియాం ఏలుబడిలోకి పోయాయి. 1907లో గానీ తిరిగి రాలేదు. ఇప్పటి సరిహద్దు తగాదా వేర్లు ఈ చేతులు మారడాల్లోనే ఉన్నాయి.

మూడు వారాల్లో ఆయన చేసిన పని తక్కువేం కాదు. అంగ్‌కోర్ వాట్ కందకం, రాతి దారి, మండపాలు, గోపురాలు ఒక్కొక్కటీ కొలిచి రాసుకున్నాడు, బొమ్మలు గీశాడు. పక్కనున్న బఖెంగ్ గుట్ట ఎక్కాడు. అంగ్‌కోర్ థోమ్ నగరంలోకి వెళ్లి, ఇప్పుడు మనం బయోన్ అని పిలిచే ముఖాల గోపురాల గుడి చూశాడు. దానికి స్థానికులు పెట్టుకున్న పేరును కూడా రాశాడు, దాగుడుమూతలాడే గుడి అని. ఆ సందులూ మలుపులూ చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిపోయిందో అర్థమవుతుంది.

ఎవరు కట్టారని అడిగితే వచ్చిన నాలుగు జవాబులనూ నమోదు చేశాడు. దేవతల రాజు కట్టాడని ఒకరు, రాక్షసులు కట్టారని ఒకరు, కుష్ఠు రాజు కట్టించాడని ఇంకొకరు, తనంతట తనే వెలిసిందని మరొకరు. యూరప్ పాఠకులకు ఈ నాలుగు జవాబులూ భలే నచ్చాయి. కట్టినవాళ్ల వారసులకే తమ గుడి సంగతి తెలియదన్న అభిప్రాయం అక్కణ్నుంచే బలపడింది. నిజానికి ‘దేవతల రాజు’ జవాబు అంత తీసేయదగ్గది కాదు. ఇంద్రుడి పంపున దేవశిల్పి వచ్చి అంగ్‌కోర్ వాట్ కట్టాడన్నది కాంబోడియా ప్రజలైన ఖ్మేర్‌ల పురాణ కథ. మన దగ్గర ఏ పాత గుడి గురించి అడిగినా విశ్వకర్మ ఒక్క రాత్రిలో కట్టాడని చెప్పే పెద్దమనిషి దొరుకుతాడు. ఆ మాట ఆధారంగా తెలుగువాళ్లకు చరిత్ర తెలియదని తేల్చేస్తే మనం ఒప్పుకోం.

పొరబాట్లు కూడా పెద్దవే. ఈ గుళ్లు గ్రీకు, రోమన్ కట్టడాలంత పాతవై ఉంటాయని ఆయన ఊహించాడు. ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మ అంగ్‌కోర్ వాట్ కట్టించింది 12వ శతాబ్దం మొదటి సగంలో. అంటే వెయ్యేళ్లకు పైగా తేడా. గోడల మీది యుద్ధ శిల్పాలను కోతుల రాజుకూ దేవతల రాజుకూ జరిగిన పోరుగా చెప్పాడు. తెలుగు పిల్లాడెవడైనా ఆ గోడ ముందు నిలబడితే వానరసేన, లంకాయుద్ధం అని అరక్షణంలో చెప్పేస్తాడు. ఇందులో మువోను వెక్కిరించడానికేం లేదు. రామాయణం తెలియని మనిషి, చదవలేని శాసనాల మధ్య, తనకు చెప్పిన మాటలు నమ్మాడు. శాసనాలు చదవడం మొదలైందే 1879 తర్వాత, డచ్ పండితుడు హెండ్రిక్ కెర్న్‌తో. బయోన్ కాలం సరిగ్గా తేలడానికైతే 1920ల దాకా ఆగాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఉదహరించే మాట ఒకటుంది. ఈ గుడి సొలొమోను ఆలయానికి దీటైనదనీ, ఎవరో ప్రాచీన మైకెలాంజిలో కట్టాడనీ, గ్రీసు, రోము మనకు మిగిల్చిన వాటన్నిటికంటే ఘనమైనదనీ రాశాడు. పొగడ్త పెద్దదే. కొలబద్ద మాత్రం పూర్తిగా యూరప్‌ది.

మువో కంటే ముందే అక్కడ ఉన్నవాళ్లు

15వ శతాబ్దంలో సియాం రాజ్యం అయుత్థయ చేసిన దాడుల తర్వాత ఖ్మేర్ రాజులు రాజధానిని దక్షిణానికి మార్చారు. రాజధాని పోయింది, నగరం పల్చబడింది, చాలా గుళ్లను చెట్లు ఆక్రమించాయి. ఇదంతా నిజం. అంగ్‌కోర్ వాట్ సంగతి మాత్రం వేరు. విష్ణు ఆలయంగా మొదలైన ఆ గుడి బౌద్ధ క్షేత్రంగా మారి, బౌద్ధ భిక్షువులతో, భక్తులతో నడుస్తూనే ఉంది. 16వ శతాబ్దం మధ్యలో ఖ్మేర్ రాజు ఆంగ్ చాన్ అసంపూర్తిగా మిగిలిన ఈశాన్య గోడల శిల్పాలను పూర్తి చేయించాడు. ఆ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా వచ్చిన భక్తులు స్తంభాల మీద ఖ్మేర్ భాషలో తమ మొక్కుబడులు చెక్కించుకున్నారు.

బయటివాళ్లూ వచ్చారు. 1296లో మంగోల్ చక్రవర్తి రాయబార బృందంతో వచ్చిన చైనీయుడు ఝౌ దాగ్వాన్ ఏడాదికి దగ్గరగా అంగ్‌కోర్‌లో ఉండి, బజారులో అమ్మేవాళ్లు ఆడవాళ్లేనన్న సంగతితో సహా అన్నీ రాశాడు. ఆ రచనకు ఫ్రెంచి అనువాదం పారిస్‌లో 1819లోనే అచ్చయింది, మువో పుట్టకముందు. 1580ల్లో ఒక పోర్చుగీసు సన్యాసి చూసి చెప్పిన వివరాలను చరిత్రకారుడు దియోగు దో కోతు రాసిపెట్టాడు. అది మాత్రం 20వ శతాబ్దంలో గానీ అచ్చుకు నోచుకోలేదు. 1632లో ఒక జపాన్ యాత్రికుడు అంగ్‌కోర్ వాట్‌ను బుద్ధుడు నివసించిన జేతవనం అనుకుని వచ్చి, సిరాతో స్తంభం మీద రాసిన రాత ఇప్పటికీ ఆనవాలుగా ఉంది.

ఫ్రెంచివాళ్లలో కూడా మువో మొదటివాడు కాదు. షార్ల్ ఎమీల్ బుయ్యెవో అనే మిషనరీ 1850లో అంగ్‌కోర్ చూశాడు. 1858లో, అంటే మువో ఓడ ఎక్కిన ఏడాదే, పారిస్‌లో పుస్తకం వేశాడు.

సియాం రాజు మోంగ్‌కుత్ వ్యవహారం ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మువో తిరుగుతున్న ఆ రోజుల్లోనే ఆయన అంగ్‌కోర్‌లోని తా ప్రోమ్ గుడిని విప్పించి రాళ్లు బ్యాంకాక్ తరలించమని మనుషులను పంపాడు. స్థానికులు దాడి చేసి అధికారులను చంపడంతో ఆ పని ఆగింది. చివరికి అంగ్‌కోర్ వాట్ నమూనా ఒకటి కట్టించాలని నిర్ణయించాడు. అది ఇప్పటికీ బ్యాంకాక్ రాజభవనం ఆవరణలోని వాట్ ఫ్రా కేయో గుడిలో ఉంది. మరుగున పడిందని చెబుతున్న గుడిని పక్క రాజ్యం రాజు విప్పి పట్టుకుపోవాలని చూశాడన్నమాట.

తానే మొదట చూశానని మువో ఎక్కడా రాసుకోలేదు. అలాంటప్పుడు ఈ బిరుదు ఎలా వచ్చింది?

చనిపోయాక వచ్చిన పేరు

బుయ్యెవో పుస్తకంలో అంగ్‌కోర్‌కు దక్కింది కొద్ది పేజీలే. బొమ్మలు లేవు. పైగా ఆయన మతప్రచారకుడు, విగ్రహారాధకుల గుడి మీద ఆయనకు అంత ముచ్చట లేదు. మువో రచనలు చేరిన చోటు వేరు. ‘లె తూర్ ద్యు మోంద్’ అనే వారపత్రికను 1860లో ఎదువార్ షార్తోన్ సంపాదకుడిగా అషెట్ సంస్థ మొదలుపెట్టింది. పని ఒక్కటే, యాత్రాకథలను పెద్ద పెద్ద బొమ్మలతో ఇంటింటికీ చేర్చడం. 1863లో మువో ప్రయాణం అందులో ధారావాహికగా వచ్చింది. 1864లో లండన్‌లో జాన్ మర్రే రెండు సంపుటాల ఇంగ్లీషు పుస్తకం వేశాడు, సోదరుడు షార్ల్ ముందుమాటతో. 1868లో అషెట్ ఫ్రెంచి పుస్తకం తెచ్చింది. దానికి సంపాదకుడు ఫెర్దినాన్ ద లనువా.

రచయిత అప్పటికే అడవిలో చనిపోయాడు. దేవుడికి పెట్టుకున్న మొరతో డైరీ ఆగిపోయింది. ఇంతకంటే గుండె పిండే ముగింపు ఏ సంపాదకుడికి దొరుకుతుంది?

ఇక తేదీలు. 1863 ఆగస్టు 11న కాంబోడియా ఫ్రాన్స్ రక్షణలోకి వెళ్లింది. పారిస్ పాఠకుడికి కాంబోడియా అనే పేరు రాజకీయ వార్తగానూ, మువో యాత్రాకథగానూ ఒకే ఏడాది పరిచయమైంది. 1866లో దుదార్ ద లగ్రే నాయకత్వంలో మెకాంగ్ నది అన్వేషణకు బయల్దేరిన ఫ్రెంచి బృందం అంగ్‌కోర్ చూసింది. మరుసటి ఏడాది లువాంగ్ ప్రబాంగ్ దగ్గర మువోకు సమాధి కట్టింది. ఆ బృందంలోని చిత్రకారుడు లూయీ దెలపోర్త్ 1873లో మళ్లీ వచ్చి శిల్పాలను ఫ్రాన్స్‌కు తరలించాడు. 1907లో అంగ్‌కోర్ ఫ్రెంచి పాలనలోకి వచ్చింది. 1931 పారిస్ వలస ప్రదర్శనలో అంగ్‌కోర్ వాట్ నమూనా ఒకటి నిలువెత్తున లేచింది. ఈ వరుస మొదట్లో ఒక ‘కనిపెట్టినవాడు’, అదీ ఫ్రెంచివాడు, ఉంటే కథ బాగా కుదురుతుంది. కుదిర్చారు.

బుయ్యెవో దీన్ని మౌనంగా భరించలేదు. 1870ల్లో రాసిన పుస్తకంలో ఈ కీర్తి పంపకం మీద తన అసంతృప్తి చెప్పాడు. అందులో అసూయ కొంత ఉందనుకున్నా, తేదీల లెక్కలో ఆయనదే న్యాయం.

బొమ్మల మీద ఎన్ని చేతులు పడ్డాయి

మువో గీసినవిగా ఇంటర్నెట్లో తిరిగే బొమ్మల్లో చాలావరకు ఆయన స్వయంగా పూర్తి చేసినవి కావు. అలాగని నకిలీలూ కావు. ఆ కాలంలో పత్రికకు బొమ్మ ఎలా తయారయ్యేదో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మువో అంగ్‌కోర్ వాట్ ముందు నిలబడి పెన్సిలుతో ఒక స్కెచ్ గీశాడనుకోండి. అది ఫ్రాయ్, దెంగ్‌ల మూట ద్వారా బ్యాంకాక్, అక్కణ్నుంచి యూరప్ చేరింది. పారిస్‌లో పత్రిక కోసం పనిచేసే చిత్రకారుడు, బొకూర్ గానీ సబతియే గానీ, దాన్ని చూసి పెద్ద బొమ్మగా మళ్లీ గీస్తాడు. స్కెచ్‌లో లేని మబ్బులు, తాటిచెట్లు, నలుగురు మనుషులు, ఒక ఏనుగు ఈ దశలో చేరవచ్చు. ఆ బొమ్మ గట్టి చెక్క దిమ్మ మీదికి ఎక్కుతుంది. చెక్కేవాడు తెల్లగా ఉండాల్సిన చోటల్లా చెక్క తొలగిస్తాడు. మిగిలిన గీతలకు సిరా పూసి, అక్షరాలతో పాటే అచ్చు వేస్తారు. బొమ్మ కింద ‘మువో స్కెచ్ ఆధారంగా ఫలానావారు గీసినది’ అని రాసేవారు. కొన్నిటికి స్కెచ్ బదులు ఫొటో ఆధారం. మనం ఇవాళ షేర్ చేసేటప్పుడు ఆ కింది వరుస కత్తిరించేస్తాం.

ఇందువల్ల పాఠకుడు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. గోపురాల సంఖ్య, మండపాల వరుస, మెట్ల తీరు వంటివి మువో చూసినవై ఉండే అవకాశం ఎక్కువ. చెట్లు గుడిని మింగేస్తున్నట్టుండే ఆ భయంకరమైన వాతావరణంలో పారిస్ చిత్రకారుడి వాటా ఎంతో కొంత ఉంటుంది. ‘అడవిలో మరుగున పడిన నగరం’ అన్న ఊహ జనం మనసులో నాటుకున్నది వాక్యాల కంటే ఈ బొమ్మల వల్లే. అంగ్‌కోర్‌కు తొలి ముఖ్యమైన ఫొటోలు వచ్చింది 1866లో, స్కాట్లండ్ ఫొటోగ్రాఫర్ జాన్ థామ్సన్ కెమెరాతో. అప్పటికే ఊహ గట్టిపడిపోయింది.

రాతలకూ ఇదే పరిస్థితి. 1863 ధారావాహిక, 1864 ఇంగ్లీషు పుస్తకం, 1868 ఫ్రెంచి పుస్తకం, మూడూ ఆయన మరణానంతరం వేరువేరు చేతుల్లో సిద్ధమయ్యాయి. ఒక్క అక్షరం కూడా ఆయన ప్రూఫు దిద్దలేదు.

వలస పాలనకు దారి వేశాడా?

ఇక్కడ అభిప్రాయాలు గట్టిగానే చీలతాయి.

ఒక పక్షం వాదన ఇది. మువో కాంబోడియాను చూసిన చూపే వలస చూపు. ఒకప్పటి ఘనమైన జాతి, ఇప్పటి దిగజారిన జనం అన్న చట్రంలోనే రాశాడు. అంతటితో ఆగలేదు. ఈ దేశం బాగుపడాలంటే యూరప్ జయించాలి, బానిసత్వం రద్దు కావాలి, మంచి చట్టాలు రావాలి అని స్పష్టంగా రాశాడు. కొచ్చిన్ చైనాను, అంటే దక్షిణ వియత్నాంను, లొంగదీస్తున్న ఫ్రాన్స్ చేతిలో ఇది సుభిక్షంగా ఉంటుందని కూడా అన్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని ఈ పక్షం అడుగుతుంది. పుస్తకంలో ఆ మాటలు ఉన్నాయి కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం.

రెండో పక్షం కాగితాలు చూపిస్తుంది. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు సాయం చేయలేదు, ఏ పనీ అప్పగించలేదు. నివేదికలు, నమూనాలు వెళ్లింది లండన్‌కు. 1863 ఒప్పందం సైగాన్‌లోని నౌకాధికారుల పని. మువో పుస్తకం లేకపోయినా అది జరిగేది. పైగా యూరప్ పాలనే విరుగుడు అనడం ఆనాటి యాత్రాకథల్లో పరిపాటి.

నాకు ఈ రెండూ ఎదురెదురు వాదనలుగా కనిపించవు. మొదటిది ఆయన ఏమనుకున్నాడో చెబుతోంది, రెండోది ఆయన ఏం చేశాడో చెబుతోంది. ఆయన గూఢచారి కాదు, ఉద్యోగి కాదు. ఆయన ఆలోచన మాత్రం ఆ కాలపు యూరప్ ఆలోచనే. దాన్ని అవసరానికి వాడుకున్నవాళ్లు తర్వాత వచ్చారు.

మనకు దగ్గరి ఉదాహరణ అమరావతి. స్తూపాన్ని 1797లో కొలిన్ మెకంజీ కనుగొన్నాడని పాఠ్యపుస్తకాల్లో చదివాం. అంతకుముందే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తూ స్తూపం ఉన్న దిబ్బ, దీపాలదిన్నె, తవ్వించాడు. ఇటుకలు, రాళ్లు కట్టడాలకు వెళ్లిపోతున్నాయి. దిబ్బ అక్కడుందని ఊళ్లో అందరికీ తెలుసు. మెకంజీ చేసింది కొలిపించడం, గీయించడం, అచ్చులో పెట్టడం. అది చిన్న పని కాదు, ఆ బొమ్మలు లేకపోతే పోయిన రాళ్ల సంగతి మనకు తెలిసేది కాదు. ‘కనుగొనడం’ మాత్రం కాదు.

ఫార్వర్డ్ వాక్యాన్ని ముక్కలు చేసి చూస్తే

ఇప్పుడు మొదట్లో చెప్పిన వాక్యానికి వద్దాం. ‘వందల ఏళ్లు’ అన్నది రాజధానిగా ఖాళీ అయిన కాలానికి సరిపోతుంది, గుడిగా మూతపడిందనడానికి సరిపోదు. ‘అడవిలో మరుగున పడిన’ అన్నది తా ప్రోమ్ లాంటి గుళ్లకు చాలావరకు నిజం, భిక్షువులు కాపురమున్న అంగ్‌కోర్ వాట్‌కు కాదు. ‘1860లో’ సరైనదే. ‘దారి తప్పి’ పూర్తిగా కల్పన. మిషనరీ వెంట ఉండి తీసుకెళ్లాడు. ‘ఫ్రెంచి యాత్రికుడు’ సరే, లండన్ సంఘాల అండతో వెళ్లిన ఫ్రెంచి యాత్రికుడు. ఇక ‘కనిపెట్టాడు’ తీసేసి ‘యూరప్ పాఠకులకు బొమ్మలతో పరిచయం చేశాడు’ అని పెడితే ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే అంత చప్పటి వాక్యాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఆయన నిజంగా మొదట చూపించినవి

ఒక రంగంలో మాత్రం మువోకు ‘మొదటి’ అన్న మాట న్యాయంగానే దక్కుతుంది. ఆయన వెళ్లిందే దానికోసం కదా. జంతుశాస్త్రంలో కొత్త జాతి అనాలంటే స్థానికులకు తెలియకపోవడం షరతు కాదు. నమూనాను పరిశీలించి, శాస్త్రీయంగా వర్ణించి, పేరు పెట్టి అచ్చు వేయాలి, అంతే. మువో పంపిన పెట్టెలతో లండన్‌లో ఈ పని జోరుగా జరిగింది. ఒక విడత పెట్టెలు స్టీమరుతో పాటు సముద్రం పాలయ్యాయి. నెలల తరబడి పట్టి ఆరబెట్టినదంతా పోయిందని తెలిసి ఆయన కుంగిపోయాడు.

చేరినవి చాలానే ఉన్నాయి. లావోస్ అడవుల నుంచి వచ్చిన, నల్లటి ఒంటికి మెరిసే అంచులున్న పెద్ద నేల పురుగుకు 1862లో ‘మువోషియా గ్లోరియోసా’ అని ఆయన పేరే పెట్టారు. అదే ఏడాది బ్రిటిష్ మ్యూజియం జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే, వీపు మీద మూడు గట్లున్న ఒక అడవి తాబేలును వర్ణించి దానికీ మువో పేరే తగిలించాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం ‘క్యువోరా మువోటీ’. వియత్నాం, లావోస్, దక్షిణ చైనాల నుంచి మన ఈశాన్య రాష్ట్రాల దాకా ఈ తాబేలు బతుకుతుంది. మాంసం కోసం, పెంపకం కోసం సాగే వ్యాపారం వల్ల అది ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది.